ములాఖత్ బస్సు

ఎల్లారెడ్డి దాటి నిజాంసాగర్ దారిలో పోతే, ఒక అడ్డరోడ్డు నుంచి అర మైలు లోపల ఆ జైలు ఉండేది. జైలే కానీ గోడలు లేవు. కాలువ నీళ్లు పారే వరి మడులు, కొంచెం చెరుకు, కూరగాయల తోట, రేకుల షెడ్లు, ఒక ఇనుప గేటు. గేటుకు రెండు పక్కలా ఉన్న కంచె కూడా కొంత దూరం పోయి, ఇక చాలన్నట్టు ఆగిపోయేది. శిక్ష చాలావరకు అయిపోయి, నడవడి బాగున్నవాళ్లను పెద్ద జైళ్ల నుంచి అక్కడికి పంపేవారు. వాళ్లు పొలం పని చేసుకుంటూ విడుదల కోసం ఎదురుచూసేవారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని జైలుతోట అనేవారు.

నన్ను అక్కడికి చేర్చింది నా చేతిరాత. కామారెడ్డిలో మా వీధిలోనే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకామె ఉండేది. ఊళ్లో సగం మందికి చదువు చెప్పింది కాబట్టి అందరికీ ఆమె పెద్ద టీచరమ్మే. జైలుశాఖతో సంబంధం లేని బయటివాళ్లు ముగ్గురు నెలకొకసారి వెళ్లి, ఖైదీల తిండి, నీళ్లు, మందులు, పని ఎలా ఉన్నాయో చూసి పైకి రాయాలని ఒక ఏర్పాటు ఉండేది. ఒక డాక్టరు, ఒక వకీలు, మూడోమనిషి ఈమె. కళ్లకు పొరలు వచ్చి రాయడం కష్టమయ్యేసరికి, డిగ్రీ చదువుతున్న నన్ను తోడు రమ్మంది. మాట్లాడే పని ఉండదు, రాసే పనేనని మా అమ్మకు మాటిచ్చింది. ఆ మాట లేకపోతే నేను వెళ్లేదాన్ని కాదు. దుకాణంలో సబ్బు అడగాలన్నా ఇంట్లోనే మాటలు కూర్చుకొని బయలుదేరే రోజులవి. డైరీలో మాత్రం పేజీలకు పేజీలు మాట్లాడేదాన్ని.

టీచరమ్మ రెండు సంగతులు ముందే చెప్పింది. ఎవరినీ ఏం నేరం చేశావని అడగొద్దు. చూడనిది రాయొద్దు. మాకోసం వేరుగా వడ్డించిన పళ్లాన్ని పక్కకు జరిపి, ఆమె ఖైదీల గుండిగలోంచి పప్పు వేయించుకొని తినేది. వాళ్లు తాగే కుండలోంచే నీళ్లు ముంచుకొని తాగేది. ఎదురుగా నిలబెట్టి ఏమైనా కష్టముందా అని అడిగితే ఎవరూ చెప్పరు కాబట్టి అసలు అడిగేదే కాదు. పంట గురించి అడుగుతూ గట్ల మీద నడిచేది. నేను వెనకాల నడిచేదాన్ని.

ఒక నెల మా వంతు ఆదివారం వచ్చింది. డాక్టరు మందుల పెట్టెలు, ఇద్దరు కాంపౌండర్లతో రావడంతో జీపులో నాకు చోటు లేకపోయింది. బస్సులో రాగలవా అని టీచరమ్మ కొంచెం బెంగగా అడిగింది. నాకు లోలోపల సంతోషమే. సంచిలో ఒక నవల ఉంది, కిటికీ పక్క సీటు దొరికింది.

కానీ బస్సు కదలలేదు. పట్నం నుంచి రైలు వచ్చి, దాంట్లోంచి దిగినవాళ్లు స్టేషన్ నుంచి బస్టాండుకు చేరితేనే ఎల్లారెడ్డి మీదుగా పోయే మా బస్సు కదిలేది. నా పక్కన కూర్చున్నామె ఒళ్లో చాట పెట్టుకొని, కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది. బీడీలు చేసే ఇల్లాలు. ఆదివారం కూడా చేతులు ఊరుకోవడం లేదు. కాళ్ల దగ్గర గుడ్డలో కట్టిన గిన్నె. ఆకు కత్తిరిస్తూనే నేనెక్కడికని అడిగింది. అడ్డరోడ్డుకు అన్నాను. అక్కడ దిగేవాళ్లకు జైలు తప్ప వేరే పని ఉండదు.

"నీకెవరున్నరు బిడ్డా లోపల? నాయినా, అన్ననా?"

ఎవరూ లేరన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆమె నమ్మలేదు.

"సిగ్గెందుకు? మొదట్ల నేను గూడ గట్లనే. ఎవలన్న అడిగితే చుట్టాలింటికి పోతున్న అనేదాన్ని."

మేము ఎవరమో, ఎందుకు వెళ్తామో చెప్పాలంటే నాలుగు వాక్యాలు కావాలి. అవి నేను కూర్చుకొని రాలేదు. తలూపి ఊరుకున్నాను. ఆమె దాన్ని ఒప్పుకోలుగా తీసుకొని, కొత్తగా కాపురానికి వచ్చినదానికి బావి ఎక్కడుందో చెప్పినట్టు, నాకు అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. ఆమె భర్త లోపల ఉన్నాడు. వానాకాలం పోయాక విడుదల. పడిపోయిన పెరటి గోడ తానే మట్టి తొక్కి పెట్టుకుంది. బస్సు రైలు కోసం ఆగుతుంది, రైలు ఎప్పుడూ ఆలస్యమే. అక్కడేమో ఖైదీలను కలవనిచ్చే ములాఖత్ పదకొండింటికే ఆపేస్తారు.

"బస్సు ఆగంగనే ఉరకాలె బిడ్డా. చెప్పులు చేతిల పట్టుకో, లేకుంటే తెగుతయ్."

అడ్డరోడ్డులో బస్సు ఆగగానే నేనూ ఉరికాను. ఎందుకంటే ఆమె నా చెయ్యి పట్టుకొని దిగింది. ఒక చేతిలో చెప్పులు, గిన్నె మూట, మరో చేతిలో నేను. గేటు కనబడ్డాక నన్ను వదిలి చెప్పులు కింద వేసుకుంది, కొంగుతో ముఖం తుడుచుకుంది, జుట్టు సర్దుకుంది. అంతమంది కుటుంబాల ముందు ఉరుకుతూ వస్తే ఆయనకు నామోషీ అట. అక్కడి నుంచి ఏమీ జరగనట్టు మెల్లగా నడిచింది.

రేకుల షెడ్డు కింద దగ్గరి ఊళ్లవాళ్లు అప్పటికే చాపలు మడుస్తున్నారు. ఆయన తల దువ్వుకొని, ఉతికిన చొక్కాతో ఒక మూల నిలబడి ఉన్నాడు. ఆమె మూట విప్పింది. ఆయన గిన్నె వైపు చూడలేదు.

"అందరి ఆడోళ్లు పొద్దుగాల్నే వస్తున్నరు. నీకు రాబుద్ధి కాకుంటే చెప్పు. నేనేమనుకోను."

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పలేకపోయింది. రొమ్ము ఎగిసిపడుతోంది, ఊపిరి అందడం లేదు. అది ఆయాసమని, పక్కన అదే ఆయాసంతో నిలబడ్డ నాకు తెలుసు. నడిచి వచ్చిన మనిషిని చూసిన ఆయనకు తెలియదు. ములాఖత్ అయిపోయిందని గంట మోగింది. ప్రతి ఆదివారం ఇంతే అయి ఉంటుంది. ఊపిరి అందేలోపల గంట. ఉత్తరం రాద్దామంటే ఇద్దరికీ చదువు లేదు, ఇంకొకరితో రాయించే మాటా కాదు.

తర్వాత ఆఫీసు గదిలో సూపరింటెండెంటు విడుదలకు దగ్గరైనవాళ్ల గురించి చెబుతున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఖైదీల పిల్లలకు పలకలు కొనిచ్చిన మనిషి. కూరగాయల తోట చూసే ఒకతను మంచి పనివాడని, విడుదలయ్యాక ఇంటికి పోనంటున్నాడని, ఇక్కడే కూలికి ఉంచుకొమ్మంటున్నాడని, తాను సరేననబోతున్నానని అన్నాడు. భార్య ఏదో గంట కొట్టే వేళకు వచ్చిపోతుంది కానీ మనసు లేదట. ఆ తోట మనిషి ఎవరో నాకు అర్థమైంది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏమైందే, పెన్నుల సిర అయిపోయిందా?" అంది టీచరమ్మ.

"ఆమె ఉరికొచ్చిందమ్మా," అన్నాను.

ఆ గదిలో నేను మాట్లాడిన మొదటి మాట అది. అందరూ నావైపు తిరిగారు. వాక్యాలు కూర్చుకోకుండానే, తలా తోకా లేకుండా, రైలు, బస్సు, చెప్పులు, గంట అన్నీ చెప్పేశాను. సూపరింటెండెంటు, ములాఖత్ వేళ ముందు నుంచి ఉన్న కాయిదా అని, బస్సు తన చేతిలో లేదని అన్నాడు.

"బస్సు మీ చేతుల లేదు, నిజమే," అంది టీచరమ్మ. "గంట కొట్టేది మీ మనిషే గద."

అయినా ఆమె ఆ రోజు ఆ సంగతి నాతో రాయించలేదు. నేను చూశాను కానీ తాను చూడలేదు కదా. సూపరింటెండెంటును ఒక్కటే కోరింది. ఇక్కడ గోడలే లేవు, మనుషుల మీద నమ్మకంతోనే నడుపుతున్నారు, వచ్చే ఆదివారం ఆ తోట మనిషిని అడ్డరోడ్డు దాకా పంపండి అని. ఆయన ఆలోచించి, సరేనన్నాడు.

మరుసటి ఆదివారం టీచరమ్మ మోకాళ్ల నొప్పులతోనే నాతో బస్సెక్కింది. బీడీల ఆమె మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చింది. మీ అవ్వనా అని నన్ను అడిగింది. టీచరమ్మ అవుననలేదు, కాదనలేదు. నవ్వి, తునికాకు ఎట్ల కత్తిరిస్తారో చూపించమంది. రైలు ఆ రోజూ ఆలస్యమే. ఎల్లారెడ్డిలో ఎండ ఎక్కేసరికి బీడీల ఆమె చాట సంచిలో పెట్టేసి, మాటలు మానేసి, కిటికీలోంచి ముందుకే చూడసాగింది. టీచరమ్మ ఆమెను చూస్తూ కూర్చుంది.

అడ్డరోడ్డులో బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే ఆమె చెప్పులు విప్పి చేతిలోకి తీసుకుంది. దూకినట్టే దిగి నాలుగడుగులు ఉరికింది. అప్పుడు చూసింది. దారి పక్కన తుమ్మచెట్టు కింద ఆయన నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు.

ఆమె ఆగిపోయింది. చేతిలో చెప్పులు, ఒంటి మీద దుమ్ము, ఎగిసిపడే ఊపిరి. ఈసారి దాచుకోవడానికి వేళ లేదు. ఆయన ఆమె కాళ్ల వంక చూశాడు, బస్సు వంక చూశాడు. దగ్గరికి వచ్చి గిన్నె మూట అందుకున్నాడు.

"చెప్పులేసుకో," అన్నాడు. "రాళ్లున్నయ్."

వాళ్లు ముందు నడుస్తుంటే మేము వెనకాల మెల్లగా నడిచాం. టీచరమ్మ నా భుజం పట్టుకొని నడుస్తూ, ఇప్పుడు రాయి అంది. ఆ నెల మా కాగితం పైకి పోయాక ములాఖత్ వేళను మధ్యాహ్నం దాకా పెంచారు. ఆ సంగతి సూపరింటెండెంటే మాకు కబురు పంపి చెప్పాడు. ఆయనకూ నేను రుణపడ్డాను. ఒక పిల్ల తడబడుతూ చెప్పిన మాటను ఆయన కొట్టిపారేయలేదు.

వానాకాలం పోయింది. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే స్టేషన్ దగ్గరి సందులో ఎవరో బిడ్డా అని పిలిచారు. అరుగు మీద ఆమె, ఒళ్లో చాట. పక్కన ఆయన, మొద్దు వేళ్లతో బీడీకి దారం చుట్టబోయి విడిపోతుంటే మళ్లీ చుడుతున్నాడు. ఆమె ఆ బీడీ లాక్కొని నాకు చూపించి, పొలంల మంచి పనోడట, దీంట్ల పని చూడు గిట్లుంటది అంది. ఆయన నవ్వాడు. మీవాళ్లు కూడా విడుదలయ్యారా అని ఆమె అడిగింది. ఇక దాచలేక, లోపల నాకు ఎవరూ లేరని, నేను రాయడానికి వచ్చేదాన్నని చెప్పాను. ఆమె కత్తెర ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"లోపల ఎవలు లేకుండనే గట్ల ఉరికినవా?"

ఆయన చాటను పక్కకు జరిపి, అరుగు మీద ఆకు ముక్కలను చేత్తో తుడిచి నాకు చోటు చేశాడు. మొహమాటపడకుండా ఒకరి ఇంటి ముందు కూర్చోవడం నాకు అదే మొదలు. చీకటి పడేదాకా కూర్చున్నాను.