బావ ముంగట కెమెరా

మా యారాలు సాయమ్మ తుంటి ఇరిగి గద్వాలల మంచం పట్టింది. ఉప్పునుంతలల మేమిద్దరం చేసుకున్న చెల్కను మా పెనిమిట్ల అన్న, పెద్ద బావ అమ్మిండు. ఎల్లుండి కొన్నోళ్లు జేసీబీ దింపుతరట. "నేను నడిసినట్టే ఒక్కసారి చూడాలె చెల్లె" అని ఏడ్సింది. నా బిడ్డ సప్న గుట్టలెక్కేటప్పుడు వాడే చిన్న కెమెరాను పట్టీతోని నా ఎదకు కట్టింది. పొద్దుగాల ఆరింటికి ఇద్దరం వనపర్తి బస్సెక్కినం. ఆధార్ చూపిస్తే జీరో టికెటిచ్చిన్రు.

బస్సు నిండ జనం. ఆత్మకూరు కాడ, సీట్ల కూసున్న ఒక బీబమ్మ నన్ను జూసి పరేషానైంది. "దవాఖానల కట్టిన్రా అమ్మా? గుండెకా?" అని లేసి సీటిచ్చింది. నేను కాదనలే.

వనపర్తిల ఇడ్లీ తినుకుంట చూస్తే, పొద్దుగాల్నుంచి ఆన్‌లనే ఉన్న కెమెరా కాలిపోతుంది, బ్యాటరీ సగమైంది. సప్న అన్నిట్ల పెద్దది, ఫోర్-కే, అరవై ఫ్రేములు పెట్టిందట.

"పెండ్లి సినిమా తీస్తున్నవానే?" అన్న.

మూతి ముడ్సుకొని 1080కి, ముప్పై ఫ్రేములకు దించింది. కుదుపు ఆపేది పెట్టింది. చెల్క మొత్తం పడాలని వైడ్ పెట్టి, చేరేదాక బంద్ చేసింది.

నాగర్‌కర్నూల్‌ల బస్సు మారి, పన్నెండు దాటినంక చెల్క చేరినం. సప్న కెమెరా ఆన్ చేసింది. నేను గట్టు పొంటి నడుస్తున్న, గప్పుడే బావ వచ్చిండు. నా చెయ్యి ఆగలే. కొంగు నెత్తిమీదికెళ్లి ఎద దాక గుంజుకొని తల దించుకున్న. మా దిక్కు బావ ముంగట కోడండ్లందరం గంతే.

"ఎందుకొచ్చిన్రు బిడ్డా?" అని సప్ననడిగిండు.

"పెద్దమ్మకు చెల్క చూపెడుతందుకు పెదనాయనా."

"అమ్మిన చెల్కల చూసేదేముంది?" అనుకుంటనే సప్నతోని ముంగట నడిసిండు. మధ్యల గాలి లేసి నా కొంగెగిరింది. గాలిని తిట్టుకుంట మల్ల కప్పుకున్న.

తిరుగు బస్సుల సప్న ఫోన్ల చూసి నెత్తి కొట్టుకుంది. "అమ్మా, అంత నీ పచ్చ చీరెనే!"

నా పానం పోయినంత పనైంది. మల్ల పోదామంటే గదే ఆఖరి బస్సు. ముంగటికి జరిపి చూస్తే, గాలి లేసిన కాడ చెల్క పడ్డది. బాయి, కంది సాళ్లు, ఈ కొస నుంచి ఆ కొస దాక, అదురు లేకుంట సాఫ్‌గ. చిన్న సెట్టింగుది గాబట్టి గా ముక్క సాయమ్మకు ఫోన్ల జల్ది పోయింది.

వనపర్తి దాటినంక సాయమ్మ ఫోన్ చేసింది. ముక్కు చీదుకుంట, "చూసిన చెల్లె. బాయి గూడ చూసిన. నిమ్మలమైంది. గని గట్టుమీద ఎనక్కి తిరిగి చూసే గా తెల్లమీసాలాయన ఎవరే?"

"నాకేం తెల్సక్కా, కొన్నోళ్ల మనిషేమో."

సప్న ఇగ నవ్వు ఆపుకోలే. "మీ బావనే అమ్మా!"

కాపురానికొచ్చిన కాడికెళ్లి మేమిద్దరం ఆయన చెప్పులే చూసినం మరి. మీరెవరన్న గిట్ల పోతే ముప్పై ఫ్రేములు చాలు, కొంగుకు మాత్రం పిన్నీసు పెట్టుకోండ్రి. నేనైతే బొమ్మను ఆపమని, ఆత్మకూరు దాటేదాక ఆయన మొగమే చూసిన. మనిషి చెడ్డగ లేడు.