మొవ్వు ఈగకు గుంత తవ్విన అండాలు

నకిరేకల్‌కు ఆరు మైళ్ల దూరంలో అండాలుకు రెండెకరాల మెట్ట చెల్క ఉండేది. ఆ ఇంటికి జొన్నే తిండి. 1964లో ఒకసారి, మరుసటేడు ఇంకోసారి మొవ్వు ఈగ ఆ పంటను తినేసింది. మొలక జానెడు లేవకముందే మొవ్వులోని నడిమి ఆకు ఎండిపోయేది. పట్టి లాగితే చేతికి ఊడివచ్చేది. రెండేళ్లూ జొన్నగట్క గింజల కోసం ఆమె, భర్త మైసయ్య పరాయి చేలలో కూలికి పోయారు. ఈసారీ పంట పోతే చెల్క అమ్మి, చౌటుప్పల్ దారిలో కంకర కొట్టుకుని బతకాలని మైసయ్య తేల్చేశాడు.

"గీ ఒక్క ఏడు ఆగు. పోతే నేనే మూట గడ్త" అంది అండాలు.

ఆ వానకాలం హైదరాబాదు నుంచి పరిశోధకులు కొందరు, ఉగాండాలో జొన్న మీద పనిచేసే ఒకెల్లో అనే శాస్త్రవేత్తతో కలిసి ఊరికి వచ్చారు. పొడి మందు చల్లకుండా ఈగను అణచాలన్నది వారి పరీక్ష. తొలి వానకే ఒత్తుగా విత్తాలి, మొవ్వు చచ్చిన మొలకలు పీకి పశువులకు వేయాలి. గ్రామసేవక్ యాదగిరి ఆ సూచనల కాగితం చదివి వినిపించాడు.

"ఆఖరు మాట కొట్టెయ్ సారూ. లేత జొన్న తింటే బర్రెకు నాము ఇసం తగుల్తది. పొద్దుమీకెటాల్లకు సస్తది" అంది అండాలు.

యాదగిరి ఆ మాట కొట్టేశాడు. పీకినవి ఏం చేయాలో మాత్రం రాయలేదు. దాంతో రైతులందరూ వాటిని గట్ల మీద కుప్ప పోశారు. పీకినంత మాత్రాన ఈగ పోతుందా అని అండాలుకు అనుమానం వచ్చింది. ఒక మొలక చీల్చి చూస్తే లోపల తెల్లని పురుగు మెదులుతోంది. కుండలో తడి మన్ను పోసి, గుప్పెడు మొలకలు వేసి, మూతికి పేలిక కట్టింది.

పక్క చేను గాలయ్య నవ్వాడు. "ఈగలను సాదుతున్నవంట వదినె. పాలిస్తయా?"

"పాలియ్యయి గాని నీ జొన్న తింటయి."

తొమ్మిదో నాడు పేలిక కింద నాలుగు ఈగలు తేలాయి. అంటే గట్ల మీది కుప్పల్లోంచి ఇంకా వందలు లేవబోతున్నాయి. ఆ రోజే చేను చూడవచ్చిన ఒకెల్లో కుండ ముందు గొంతుక్కూర్చుని, బొటనవేలి గోటితో మొలక చీల్చాడు.

"వాళ్ల దేశంల గూడ గిదే ఈగనట. పీకిన కుప్పల జోలికి ఎవరు పోలేదంటున్నడు" అన్నాడు యాదగిరి. "ఏం జేద్దమని అడుగుతున్నడు."

"మోకాలు లోతు గుంత తవ్వి పూడ్సాలె. ఇయ్యాలనే."

గాలయ్య ఒప్పుకోలేదు. "నా గట్టు సంగతి నేను సూసుకుంట."

"గట్టు నీదే గాలయ్యా. ఈగకు హద్దురాళ్లు ఎరికనా?"

జవాబుకు ఆగకుండా గంప తెచ్చి అతని కుప్పే ముందు ఎత్తసాగింది. రెండో గంపకు గాలయ్య పార పట్టాడు. పొద్దుగూకేలోపు పదకొండు గట్లు ఖాళీ అయ్యాయి.

ఆ ఏడు ఆమె చేలో వందకు పదిహేను మొక్కలు పోయాయి. అంతకుముందు సగం కూడా మిగిలేవి కావు. దసరా దాటాక గింజల గుమ్మి మూడొంతులు నిండింది. మైసయ్య కంకర మాట మళ్లీ ఎత్తలేదు.

మరుసటి వేసవిలో యాదగిరి కొత్త కాగితం తెచ్చాడు. "పీకినవాటిని మట్టిలో పూడ్చాలి" అని చదివాడు.

"ఎంత లోతు?" అడిగింది అండాలు.

"అది రాయలే."

"మోకాలు లోతు అని రాయి. రాసినంకనే ముందుకు సదువు."