మెషీన్ ఆపాక చెప్పిన మాట

గోడకు పడమటివైపు బెర్లిన్‌లో ఆ ఎండాకాలం గడిపినప్పుడు నాకు ఐదో నెల. టర్కీ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన ముస్లిం స్త్రీల మీద నా థీసిస్. జర్మన్లు రాసిన కథల్లో వాళ్ళెప్పుడూ కిటికీ వెనక మౌనంగా నిలబడి ఉంటారు. నేను కలిసినవాళ్ళు మాత్రం మొదలుపెడితే ఆపేవాళ్ళు కాదు. క్యాసెట్ రికార్డర్ పట్టుకుని ఇంటింటికీ తిరిగేదాన్ని.

బల్బుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ నా చీరనీ, పొట్టనీ చూసి టీ గ్లాసు ముందుకు జరిపింది.

"నువ్వు ఈ జర్మన్ల మనిషివి కాదు. ఆ మెషీన్ ఆపు, చెప్తాను."

ఆపాను.

చంటిబిడ్డను ఊళ్ళో తల్లికి అప్పగించి, పాలు కారకుండా రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుని, జర్మనీ ఉద్యోగం కోసం అక్కడే డాక్టర్ పరీక్షకు వెళ్ళిందట. పిల్లలున్నారా అని అడిగితే, ఉన్నారంటే తీసుకోరని లేరందట. బిడ్డను బెర్లిన్ తెచ్చుకోవడానికి ఏడేళ్ళు పట్టింది. "లేరన్నానని నా కూతురికి తెలియకూడదు" అంది. ఆ కూతురు పక్క గదిలో పరీక్షలకు చదువుకుంటోంది.

మెషీన్ ఆపాక చెప్పిందే అసలు మాట, మర్చిపోకముందే రైల్లో కూర్చుని రాసుకోవాలి అని మా ప్రొఫెసర్ నేర్పారు. అలాగే రాసుకున్నాను. మిషిగన్‌లో మా యూనివర్సిటీకి తిరిగొచ్చాక నా మూడో అధ్యాయమంతా దాని మీదే నిలబడింది. తీసేయనా అని ఆయన్ని అడిగితే, "పేరు మార్చండి, చాలు" అన్నారు. మార్చాను. ఫ్యాక్టరీని, ఆవిడ ఊరిని మాత్రం అలాగే ఉంచాను. అవి లేకపోతే అధ్యాయం పలచబడుతుందనిపించింది.

ఈ వారం ఆ కూతురు ఉత్తరం రాసింది. యూనివర్సిటీలో చేరిందట. అమ్మ గురించి నేను రాసింది చదవాలనుంది, కాపీ పంపుతారా అని అడిగింది.

మా ఆయనకు చూపించాను.

"పంపకు. నీ థీసిస్ చదివేవాళ్ళు అమెరికా మొత్తం మీద నలుగురు. అందులో నేను లేను. ఎందుకు వర్రీ అవుతావ్?"

"లైబ్రరీ వాళ్ళు మైక్రోఫిల్మ్ తీశారండీ. ఎవరు ఆర్డర్ చేసినా పంపుతారు."

"ఆ అమ్మాయికి అదంతా తెలుస్తుందా?"

"యూనివర్సిటీలో చేరిందన్నాను కదా."

ఆయన ఉత్తరం మడిచి నా చేతికిచ్చారు.

పాపకు పాలు మాన్పించి ఏడాది దాటింది. ఇప్పటికీ అది నిద్రలో ఏడిస్తే లేచేలోపు నాకు ముందు వినిపించేది ఆవిడ గొంతే. లేరు, అంటుంది.

కూతురికి జవాబు మూడుసార్లు రాసి చించేశాను. నాలుగోసారి, పని ఇంకా పూర్తి కాలేదని అబద్ధం రాసి కవరు అంటించాను. తల్లినైనా ముందే హెచ్చరిద్దామని ఇంకో కాగితం తీశాను. సగం రాశాక గుర్తొచ్చింది, ఆవిడకు చదవడం రాదు. వచ్చిన ఉత్తరాలన్నీ కూతురే చదివి వినిపిస్తుంది.