చోటు మారని మెనూ

మా పిన్నికి కంప్యూటర్ రాదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట మొదట అన్నది కాఫీ సంస్థ మేనేజరు. అనడానికి సందు ఇచ్చింది మాత్రం నేనే.

అనంతగిరి దగ్గర మా ఊళ్ళో పిన్నితో కలిపి ఐదుగురు ఆడవాళ్ళు కాఫీ తోటలు చూస్తారు. వాన ఎంత పడిందో, ఏ మొక్కకు కాండం తొలిచే పురుగు పట్టిందో కొండెక్కి చూసి రాస్తారు. ఆ పనికి సంస్థ లినక్స్‌తో నడిచే అరచేతి కంప్యూటర్లు తెప్పించింది. చిన్న తెర, దాని కింద మీటలు. ఆన్ చేయగానే ప్రోగ్రాములన్నీ వరసగా కనిపించే మెనూ రాసే పని నాకిచ్చారు. విశాఖలో చదువుకుని ఊరికి తిరిగొచ్చి, సిగ్నల్ ఉన్నప్పుడల్లా ఇలాంటి పనులే చేసుకునేదాన్ని.

నా తెలివంతా అందులో గుమ్మరించాను. ఎక్కువ వాడిన ప్రోగ్రాము దానంతటదే పైకి వచ్చేలా చేసి మురిసిపోయాను.

మేనేజరు చూడ్డానికి వచ్చిన రోజు పిన్ని వాన లెక్క రాయబోతే రేడియో మోగింది. మళ్ళీ నొక్కితే కెమెరా వచ్చింది.

“వీళ్ళకి ఒక్క బటన్ చాలమ్మా. మిగతావన్నీ తాళం వేసేయండి, లేకపోతే పాడుచేస్తారు,” అన్నారాయన నాతో. ఆ ‘వీళ్ళ’లో నేనూ ఉన్నానని ఆయనకు తట్టలేదు.

సిగ్గుచేటు ఏమిటంటే, ఆయన వెళ్ళాక నేనూ పిన్ని మీదే విసుక్కున్నాను. “తెర చూసి నొక్కొచ్చు కదా పిన్నీ.”

“సూత్తే జారి పడనా? ఒక సేత్తో కొమ్మట్టుకోవాల, ఇంకో సేత్తో ఇది. నిన్న రెండోది వానే కదే. ఇయ్యాల రేడియో వచ్చి కూకుంది. సంతలో ఉప్పమ్మేవోలు వారానికో సోట కూకుంటే నువ్వెలాగ ఎతుకుతావే?”

మా సంతలో ఎవరి చోటు వాళ్ళది. బోర్డులుండవు, కాళ్ళే తీసుకుపోతాయి. అక్కడ పుట్టి పెరిగిన నేను అది మరిచిపోయి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు పిన్నిని అన్నాను.

వరస మార్చే కోడంతా చెరిపేశాను. ప్రోగ్రాముకో అంకె, అంకెకో చోటు. వాన రెండంటే రెండే, ఎన్నాళ్ళకైనా. తాళం మాత్రం వేయలేదు.

మేనేజరు మళ్ళీ వచ్చి రొప్పుకుంటూ పిన్ని వెనకే తోట ఎక్కారు; మిగతా నలుగురూ, నేనూ కూడా వెళ్ళాం. పిన్ని కొమ్మ వదలకుండా, తెర చూడకుండా వాన రాసింది, పురుగు పట్టిన కాండాన్ని ఫోటో తీసింది.

“బాగానే వచ్చింది. ఇక తాళం వేసేయండి. మెనూ చివరున్న ఆ టెర్మినల్ అయితే అసలు కనిపించకూడదు. యంత్రానికి ఆజ్ఞలిచ్చే చోటు వీళ్ళకెందుకు?”

“వేయను.”

“ఇంకొకరితో వేయించుకుంటాను.”

“వేయించుకోండి,” అన్నాను. ఆ పని పోతే నాకు ఇంకో పని లేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పిన్ని యంత్రాన్ని ఆయన చేతిలో పెట్టింది. “తాళమేసిన పెట్టి మాకొద్దు బాబూ. మీరే మోసుకెల్లండి. రోజూ వచ్చి వాన మీరే కొలుసుకోండి.”

మిగతా నలుగురూ సంచుల్లోంచి వాళ్ళవి తీసి ఇచ్చేశారు. ఆయన ఐదింటినీ గుండెకు అదుముకుని, ఇంకా ఎక్కాల్సిన వాలు వైపు చూశారు.

“సరే, ఉన్నవి ఉన్నట్టే ఉంచండి,” అన్నారు చివరికి.

పిన్ని తనది తీసుకుని అక్కడే రాతి మీద చతికిలబడింది. నన్ను పక్కన కూర్చోమంది.

“ఆ టెర్మినలు ఏటి సేత్తదో సెప్పే. మెల్లిగా సెప్పు, బాబు కూడా ఇంటారు.”