మా వీధిలో చెల్లిన బిళ్ళ

అందరికీ ఒకే డబ్బు ఉంటే ఎంత సుఖమో అని ఎవరైనా నా ముందు అంటే నాకు ఒళ్లు మండుతుంది. సుఖమే, కాదనను. ఆ సుఖం నేనూ అనుభవించాను. బళేపేటలో మా అమ్మ గాజులంగడి ఆ సుఖంతోనే మూతపడింది.

ఆ అంగడి మా తాత పెట్టింది, చోటు మాత్రం అద్దెది. పోయేముందు దాన్ని కూతురికిచ్చాడు. కొడుక్కి, అంటే మా మామకు, చేతిలో రొక్కం పెట్టి బట్టలంగడి పెట్టుకోమన్నాడు. మామ పురిట్లో ఉండగానే వాళ్లమ్మ పోయింది. అమ్మే పెంచింది. గాజుల పెట్టెల మధ్య పాకుతూ పెరిగినోడు అని అమ్మ గొప్పగా చెప్పుకునేది. మా నాన్న మిల్లు పనికి పోయేవాడు, అంగడి జోలికి వచ్చేవాడు కాదు. నేను చదువు ఆపేసి అమ్మ పక్కన కూర్చున్నాను. నా తర్వాత ఇది నీదే అని అమ్మ మాటిచ్చింది. పుట్టింట్లో ఆడపిల్లకు నాదీ అని చెప్పుకోవడానికి ఏముంటుంది? నాకు ఆ అంగడి ఉంది. నా ధైర్యమంతా అదే.

యాభై ఏడులో కొత్త పైసలొచ్చాయి. అణాలు పోలేదు, పైసలు పూర్తిగా రాలేదు, రెండూ కలిసి నడిచాయి. నాలుగణాలకు ఇరవై అయిదు పైసలు, అంతవరకూ బాగుంది. మరి ఒక్క అణాకు ఎన్ని? మేం ఇచ్చేటప్పుడు ఆరు, పుచ్చుకునేటప్పుడు ఏడు అని జనం మమ్మల్ని తిట్టేవాళ్లు. వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? వాళ్లదీ అదే లెక్క, తిరగేసి. దానికి తోడు చిల్లర కరువు. డజను గాజులకు రూపాయి నోటిస్తే తిరిగివ్వడానికి పెట్టెలో ఏమీ ఉండేది కాదు. కుదిరిన బేరం కూడా చిల్లర దగ్గర చెడిపోయేది.

అప్పుడు మామ ఒక ఉపాయం తెచ్చాడు. మా వరసలో నాలుగంగళ్లు: మామ బట్టలు, మా గాజులు, ఒక పసుపు కుంకుమల అంగడి, ఒక పాత్రల అంగడి. నలుగురికీ కలిపి ఇత్తడి బిళ్ళలు కొట్టిస్తానన్నాడు. ఒక్కో బిళ్ళ ఒక అణా. నాలుగంగళ్లలోనూ చెల్లుతుంది. చిల్లర కావలసినవాళ్లు తనకు రూపాయలిచ్చి బిళ్ళలు తీసుకోవాలి, అమావాస్య వెళ్లాక ఎవరి దగ్గర బిళ్ళలు మిగిలితే వాళ్లకు తను రూపాయలివ్వాలి. అచ్చు తన దగ్గరే, పూచీ తనదే.

"అక్కా, మన నలుగురిదీ ఒకే దుడ్డయితే జనం ఇంకో వీధికి ఏల పోతారు చెప్పు?" అన్నాడు.

"నువ్వుండావు కదప్పా, నాకేం భయం," అంది అమ్మ.

నిజం చెప్పాలి, మొదట్లో మా పంట పండింది. మామ దగ్గర రవికె గుడ్డ కొన్న ఆవిడ చేతికి చిల్లర కింద రెండు బిళ్ళలొచ్చేవి. వాటిని ఎక్కడ ఖర్చుపెట్టాలి? పక్కనే మేమున్నాం. ఆరు పైసలా ఏడా అన్న రచ్చ మా వరసలో వినపడడం మానేసింది. వేరే వీధులవాళ్లు చూసి కుళ్లుకున్నారు. అమ్మ ధైర్యం చేసి కొత్త రకాలు అరువు మీద తెప్పించింది. ఆ అరువు రూపాయల్లోనే తీర్చాలి. గాజులు పంపే షావుకారికి మా వీధి బిళ్ళతో ఏం పని?

ఇక్కడొక మాట చెప్పాలి, గాజులంగడి పద్ధతి తెలియనివాళ్ల కోసం. బట్టలంగడిలో ముందు డబ్బు చూసుకుని తర్వాత గుడ్డ చేతిలో పెడతారు. పసుపైనా చెంబైనా అంతే. మా దగ్గర అలా కుదరదు. ఆవిడ వచ్చి కూర్చుంటుంది, చెయ్యి చాపుతుంది. అమ్మ ఆ చెయ్యి నొక్కి, మెత్తబరిచి, ఒక్కొక్కటే ఎక్కిస్తుంది. డబ్బు ఆ తర్వాత. చాపిన చేతిని వట్టిగా పంపకూడదు, చేతికెక్కిన గాజుల్ని డబ్బు బాగాలేదని తీయించకూడదు. ముత్తైదువ చేతి గాజులు తీయించడమంటే ఆమె మొగుడికి చేటు కోరడమే. అమ్మ ఆ పని ప్రాణం పోయినా చెయ్యదు. కాబట్టి ఆవిడ ఏమిస్తే అది తీసుకోవాలి.

మూడో ఏడు వచ్చేసరికి మా పెట్టెలో బిళ్ళలు తప్ప ఇంకేమీ కనపడలేదు. పసుపంగడాయన, పాత్రలాయన మెల్లగా బిళ్ళలు వద్దనడం మొదలుపెట్టారు. మామ రూపాయలివ్వడానికి వచ్చే అమావాస్య, ఆ పై అమావాస్య అన్నాడు. షావుకారు కొత్త లోడు ఆపేశాడు. మేం కొట్టించింది లేదు, దాచింది లేదు, ఇన్ని బిళ్ళలు ఎక్కడినుంచి వస్తున్నాయని నేనూ అమ్మా తలలు పట్టుకున్నాం.

శ్రావణమాసంలో ఒకావిడ వచ్చింది. దొడ్డబళ్ళాపురం నేతగాళ్ల ఇంటామె. రెండు చేతులకూ నిండుగా గాజులు వేయించుకుని, కొంగు ముడి విప్పి బిళ్ళలు కుప్ప పోసింది. ఇన్ని ఎక్కడివమ్మా అని అమ్మ అడిగింది.

"కూలి దుడ్డక్కా. చీరలు తీసుకుని మీ తమ్ముడు సగం నోట్లు, సగం ఇవీ ఇస్తాడు. మా వీధంతా ఇవే ఉండాయి. వేరే అంగళ్లోళ్లు చూస్తానే పొమ్మంటారు. మా అక్క అంగడికి పోండి, ముందు గాజులేయించుకోండి, ఆమె కాదనదు అని ఆయప్పే చెప్పినాడు."

అమ్మ ఆ బిళ్ళలు తీసుకుంది. ఆవిడకు పసుపు కుంకుమ ఇచ్చి పంపింది. తర్వాత చాపమీద అలాగే కూర్చుండిపోయింది. నేను మాత్రం కూర్చోలేదు. బట్టలంగడికి పోయి, కొనడానికి వచ్చినవాళ్ల ముందే మామను నోటికొచ్చినట్టు అడిగాను. అమ్మ వెనకాలే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

మామ మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. "నూలు రేటు పెరిగిపోయె. చేతిలో రొక్కం లేదు. కూలి ఇయ్యకుంటే మగ్గాలు నిల్చిపోతాయి. నేనేం చేసేదక్కా? బిళ్ళ నలుగురిదీ. మంచి కాలంలో లాభం నలుగురం తిన్నాం. ఇప్పుడు నష్టం నలుగురం పంచుకోవాల."

"ఏ నలుగురప్పా? వాళ్లిద్దరూ వద్దంటారు. నువ్వు కొట్టిస్తావు. తీసుకునేది నేనొక్కదాన్నే కదా," అంది అమ్మ.

"నువ్వూ చూసి తీసుకోవాల్సింది," అన్నాడు మామ.

గాజుల పెట్టెల మధ్య పాకినవాడు అన్న మాట అది. చేతికెక్కించక ముందు అమ్మ డబ్బు చూడదని వాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుసు? దొంగ ఇంట్లో పడితే గొళ్లెం సరిగా వేసుకోలేదని మన తప్పు వెతుక్కుంటాం. మనమే పెంచి, గొళ్లెం ఎక్కడ వదులో మనమే చూపించినవాడు పడితే ఏం చెయ్యాలి? వాడని, వీడని అంటున్నాను, పెద్దవాణ్ణి అలా అనకూడదు. అంటాను.

షావుకారి బాకీకి అమ్మ మెడలోది పోయింది. అద్దె కట్టలేక అంగడి వదిలేశాం. బిళ్ళల్ని ఇత్తడి కొనేవాడు తూకానికి తీసుకున్నాడు. మా అంగడిని మామే అద్దెకు తీసుకుని, మధ్య గోడ కొట్టించి, పట్టుచీరలు పెట్టాడు. నాది అనుకున్న చోట ఎవరో గుమాస్తా కూర్చున్నాడు. నాకు తొందరగా ఒక సంబంధం చూసి పంపించేశారు.

కొన్నేళ్లకు మామ కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లి గాజులు మేనత్త చేత్తోనే వేయించుకుంటానని ఆ పిల్ల పట్టుబట్టిందట. మామ పిల్లను తీసుకుని అమ్మ ఇంటికే వచ్చాడు, గాజులు కూడా తనే కొని తెచ్చాడు. ఆ రోజు నేనూ పుట్టింట్లో ఉన్నాను. వద్దని అమ్మకు సైగ చేశాను. పిల్ల చెయ్యి చాపింది. అమ్మ ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుని నొక్కడం మొదలుపెట్టింది. ఒక్క గాజు కూడా చిట్లకుండా రెండు చేతులూ నింపింది.

మామ జేబులోంచి పది రూపాయల నోటు తీసి తమలపాకులో పెట్టి ఇచ్చాడు. అమ్మ నోటు తీసుకుని, లేచి కిటికీ దగ్గరికి పోయింది. వెలుగుకు ఎత్తిపట్టి ఒకవైపు చూసింది, తిప్పి రెండోవైపు చూసింది. తన జన్మలో అమ్మ ఎవరి డబ్బూ అలా చూడలేదు.

"మంచి నోటేలే అక్కా," అన్నాడు మామ.

అమ్మ ఇంకా చూస్తూనే ఉంది.