చెప్పొద్దన్న మందు

అన్నకు రక్త కాన్సర్ అని తేలినప్పుడు కిషన్‌బాగ్‌లో మాకు ఆరు బర్రెలుండేవి. ఆ జబ్బుకు రోజూ మింగే మాత్ర అప్పుడప్పుడే వచ్చింది. నాలుగు నెలల్లో అన్న మళ్లీ పాలు పితకడానికి కూర్చున్నాడు.

"రెండు వారాలకోసారి లివర్ పరీక్ష చేయించండి. కళ్లు పచ్చబడితే మాత్ర ఆపేసి ఆ రోజే తీసుకురండి" అని డాక్టరమ్మ నాతోనే చెప్పింది, ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనే కాబట్టి. బాగానే ఉన్నాడు కదా అని రెండు పరీక్షలు ఎగ్గొట్టించిందీ నేనే.

కళ్లు పచ్చబడ్డాయి. మా గల్లీలో కామెర్లకు ఎవరూ ఆసుపత్రికి పోరు. జల్‌పల్లిలో పసరు పోసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను.

"మూడు పొద్దులు పాలల్ల కలిపి తాగాలె. ఎవ్వరికీ చెప్పొద్దు బిడ్డా, చెప్తే మందుకు బలం పోతది" అన్నాడాయన.

"తమ్మీ, నీళ్లు గలపని పాలు యాడికెల్లి తెస్తవ్‌రా? మనింట్ల దొరకయి గదా!" అని అన్న నవ్వాడు.

మాత్ర మానితే కాన్సర్ తిరగబెడుతుందని భయపడి అదీ మింగించాను. వారం తిరక్కుండానే వాంతులతో మంచం పట్టాడు. ఆసుపత్రిలో మాత్ర ఆపించారు. లివర్ కుదుటపడడానికి రెండు నెలలు పట్టింది.

"పసరుగానీ, నాటుమందుగానీ తాగించారా? తిట్టను, నిజం చెప్పండి. మాత్ర మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది దాన్నిబట్టే" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏం లేదు మేడమ్" అన్నాను.

అన్న నావైపు చూసి తల దించుకున్నాడు. పెద్దాయన మాటమీద అన్నకు గురి. నాకు అదీ లేదు. చదువుకుని ఇదేం పని అంటుందేమోనని సిగ్గు, అంతే.

"అయితే ఇదంతా మాత్ర చేసిందే. మళ్లీ ఇస్తే ప్రాణానికి ముప్పు" అని ఆమె చీటీలో దాన్ని కొట్టేసింది.

బదులుగా ఇచ్చిన పాత మందు జబ్బును ఆపలేదు. ఏడాది దాటి, అన్న లేవలేని స్థితికి వచ్చాక నోరు విప్పాను. ఆమె కోప్పడలేదు. "అప్పుడే తెలిస్తే తక్కువ మోతాదులో ఇచ్చి చూసేదాన్ని. ఇప్పుడు ఆలస్యమైంది, అయినా ఇద్దాం" అంది.

ఇచ్చింది. జబ్బు లొంగలేదు. వారం వారం రక్తం తీశారు. అన్న పోయేదాకా వచ్చిన ప్రతి రిపోర్టులోనూ లివర్ బాగానే ఉంది.