నిలవని లైటు

మా తాతగారి కాలంలో ఊళ్లో సగం భూములు మావే. నాన్నగారి నాటికి మిగిలింది ఒకరి సాయం పుచ్చుకోకూడదన్న పట్టుదల ఒక్కటే. ఎండలో నడిచేవారు గాని ఎవరి స్కూటరూ ఎక్కేవారు కాదు. నేనూ అంతే.

పోయిన చలికాలం, నేను ఉద్యోగం చేసే విదేశీ ఊరు హామిల్టన్‌లో, మా చిన్న కంపెనీ కోసం ఒక పవర్ సప్లై తయారు చేశాను. నెట్‌వర్క్ కేబుల్‌లోంచే కరెంటు తీసుకుని, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డుగా ఉంచి కెమెరాను నడపాలి. మధ్యాహ్నం కస్టమర్ వచ్చేలోగా పనిచేయకపోతే నా డిజైన్ పక్కన పెట్టేస్తామన్నాడు మేనేజర్. ఆ బోర్డేమో లైటు వెలిగించి, వెంటనే ఆర్పేసి, మళ్లీ వెలిగిస్తోంది. ఉదయమంతా వెతికినా తప్పు దొరకలేదు.

పక్క బల్ల దగ్గరి కరీంనగర్ అమ్మాయి స్రవంతి వచ్చింది.

“కంట్రోల్ చిప్‌కు బయటికెల్లి జర పవర్ ఇచ్చి చూద్దామా అన్నా?”

“అక్కర్లేదమ్మా. దానంతటదే లేవాలి.”

“లేస్తుంది గానీ నిలుస్తలేదు గదా! దీనికి గూడ మీ లెక్కనే పౌరుషం ఎక్కువున్నట్టుంది.”

ముఖం వేడెక్కింది. అయినా గడియారం చూసి వైర్లు ఆమె చేతికిచ్చాను. బయటి పవర్ అందగానే లైటు నిలకడగా వెలిగింది. అంటే మొదలయ్యాక చిప్‌ను పోషించాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టలోనే లోపం. చూస్తే దాని రెండు కొసలూ తారుమారుగా అతికాయి. అతికించింది నేనే. సరిచేసి బయటి వైర్లు తీసేశాం. లైటు ఆరలేదు, కస్టమర్ ముందు కూడా.

కాసేపు సాయం తీసుకోబట్టే నా బోర్డు తన కాళ్ల మీద నిలబడింది. నాన్నగారు బతికుంటే ఆయనకు ఈ మాట ఎలా చెప్పేవాణ్ణో తెలియదు.

సాయంత్రం వానలో బస్సు కోసం నిలబడితే స్రవంతి కారు ఆపింది.

“ఎక్కుతరా అన్నా, నడుస్తరా?”

ఎక్కాను.